హెపారిన్ పూసిన గ్రాఫ్టుపై అడిగిన ప్రశ్నకు జవాబివ్వనందుకు ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

అయ్యా,

డయాలసిస్ కోసం మా అన్నయ్య చేతిలో అమర్చిన మీ కంపెనీ కృత్రిమ రక్తనాళం (గ్రాఫ్టు) గురించి అడిగిన ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పకుండా, మీ సిబ్బంది నన్ను నెలల తరబడి తిప్పుతున్నారు.

చేతి రక్తనాళాలు సన్నగా ఉండి, డయాలసిస్ కోసం ధమనిని సిరతో నేరుగా కలిపే ఫిస్టులా కుదరనందున, విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు పూసిన గ్రాఫ్టు వేశారు. రెండో వారంలో ప్లేట్‌లెట్లు సగానికి పైగా పడిపోయాయి. గ్రాఫ్టుపై వేళ్లు ఆనిస్తే జివ్వుమని తెలిసే రక్తప్రవాహపు అదురు ఒక ఉదయం ఆగిపోయింది. గడ్డ తీసిన డాక్టరు గారు, హెపారినే కొందరిలో యాంటీబాడీలను పుట్టించి, ప్లేట్‌లెట్లను తగ్గిస్తూ గడ్డలు కట్టిస్తుందని వివరించి, పరీక్షలో అదే తేలాక డయాలసిస్‌లో హెపారిన్ పూర్తిగా మాన్పించారు. మిషన్‌లో ఇచ్చేది ఆపగలం గాని చేతిలో కుట్టిన గొట్టానికి అంటి ఉన్నదాని సంగతేమిటి, అది ఎంతకాలం పనిచేస్తుంది, ఇలాంటి రోగికి గ్రాఫ్టు ఉంచాలా తీయాలా అని మిమ్మల్ని అడగమన్నది ఆయనే.

మీ టోల్‌ఫ్రీ నంబరులో పిన్‌కోడ్ చెప్పగానే భువనేశ్వర్‌కు కలిపారు. ఆపరేషన్ ఆంధ్రాలో జరిగింది కనుక విశాఖ డీలరునే అడగాలని వారన్నారు. రోగి ఒడిశా వారు కనుక భువనేశ్వరే చూడాలని డీలరు అన్నారు. ఆంధ్రాలోని పాతపట్నం మాకు పక్క ఊరు, వైద్యానికైనా పెళ్లికైనా అటే వెళతాం. మీ కంపెనీ గీసుకున్న సరిహద్దు మా అన్నయ్య రక్తానికి తెలియదు. తెలుగు వచ్చినవారిని ఇమ్మంటే ఒడిశా లైనులో లేరన్నారు. ప్రతిసారీ గ్రాఫ్టు స్టిక్కరు ఫొటో మళ్లీ అడిగి, కొత్త ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఒకామె, "మీ డాక్టరునే అడగండి" అని ఫోను పెట్టేశారు. ఆ డాక్టరు గారే అడుగుతున్నారని చెప్పే అవకాశం కూడా ఇవ్వలేదు. చివరకు సమస్య పరిష్కారమైందని ఎస్సెమ్మెస్ వచ్చింది. ఎవరి సమస్య, ఎలా పరిష్కారమైంది?

మా నాన్నగారి కాలం నుంచి మా మందుల దుకాణంలో మీ సిరంజిలు, బ్యాండేజీలు నమ్మి అమ్ముతున్నాం. ఆ నమ్మకానికి దక్కిన మర్యాద ఇదేనా?

సరుకు అమ్మడంతో మీ బాధ్యత తీరిపోదు. 2017 వైద్య పరికరాల నిబంధనలు మీకూ వర్తిస్తాయి. పరికరాల వల్ల కలిగే కీడును నమోదు చేసేందుకు 2015 నుంచి ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఆధ్వర్యంలో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. డాక్టరు గారి నివేదికతో అక్కడికి రాస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నివాసమున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు కనుక, ఈసారి మీరే మా ఊరికి రావలసి ఉంటుంది.

మీ వైద్య విభాగం సంతకంతో, పై ప్రశ్నకు లిఖితపూర్వక జవాబును డాక్టరు గారికి వెంటనే పంపి, నకలు నాకు ఇవ్వండి.

భవదీయుడు,
రోగి తమ్ముడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా