కెమెరా సంగతి ఒక్క ముక్క చెప్పు అబ్బయా

అబ్బయా, ఎట్టుండావు? ఈడ అందరం బాగానే ఉండాం. నెల్లూరు ఎండల సంగతి నీకు చెప్పేదేముంది. మీ నాయన మోకాలి నొప్పి అట్టనే ఉండాది, డాక్టరు నడవమంటే ఈయన టీకొట్టు దాకా నడిచి ఆడ గంట కూర్చోని వస్తుండాడు. రాజీ పిన్ని వాళ్ళ మేడకి స్లాబు పడింది. వేరే విశేషాలేం లేవు, ఊరికే రాయాలనిపించి రాస్తుండా. ఫోన్ చేస్తే ఊఁ ఊఁ అని పెట్టేస్తావు, ఇట్టా రాసి పెడితే అన్నం తినేటప్పుడన్నా చదువుకుంటావు.

అన్నట్టు సీనుగాడు పోతా పోతా ఒక మాటన్నాడు, నువ్వు కెమెరా అమ్మకానికి పెట్టినావంట. నేను నమ్మలా. వాడు ఒకటికి పది చెప్తాడని మనకి తెలిసిందే గదా. కానీ సంక్రాంతి కాడి నుంచి నువ్వు రెండు ఫోటోలకి మించి పంపలా, ఆ రెండూ ఏదో బిల్డింగువి, గీత గీసినట్టు నీటుగా ఉండాయి, బాగానే ఉండాయి, కాదనను. మన నల్లోడు తుమ్మేటప్పుడు మూతి వంకర పోయిన ఫోటో తీసినావు చూడు, అది నేను ఇప్పటికీ ఫోన్లోంచి తీసెయ్యలా. ట్రంకు రోడ్డు మీద నిలబడి ఆటోలు పోతావుంటే వాటితో పాటే కెమెరా తిప్పేవాడివి, షట్టరు సెకనులో ముప్పయ్యో వంతు తెరిచి పెడితే ఆటో నిలబడతది, వెనకాల ఊరంతా పరిగెత్తతది అని నాకు చెప్పింది నువ్వే. పదిట్లో తొమ్మిది అలికినట్టు వచ్చేవి, వాటిని చూసి పడీపడీ నవ్వేవాడివి.

మాకు ఆ భాగ్యం లేదులే. మీ తాతది ఆగ్ఫా క్లిక్ కెమెరా, రీలుకి 12 ఫోటోలు. అందుకని కదలబాక, నవ్వబాక అని అరిచి కోర్టులో ముద్దాయిల మాదిరి నిలబెట్టేవాడు, ఒక్కటి పాడైతే ఇల్లంతా అష్టోత్తరమే. నీకు ఇప్పుడు పాడైతే పోయేదేముంది, తీసేస్తే సరి.

ఫోటో అంటే అసలేందో నాకు తెలిసింది చిన్నప్పుడు కావలి ఇంట్లో, తలుపు కాడ. ఎండాకాలం మధ్యాన్నం అమ్మమ్మ కిటికీలు తలుపులు అన్నీ మూసేసి మమ్మల్ని పడుకోబెట్టేది. వీధి తలుపుకి పాత గడియ మేకు ఊడిపోయిన బొక్క ఒకటి ఉండేది. ఆ బొక్కలోంచి వెలుగొచ్చి ఎదురు సున్నం గోడ మీద వీధి వీధంతా తలకిందులుగా కనపడేది, ఐసు బండి చక్రాలు పైకి, బండోడి తలకాయ కిందకి. నేనూ రాజీ నోట్లో గుడ్డలు కుక్కుకోని నవ్వేవాళ్ళం. మీ పెద్దమామకి ఒక ఆలోచన వచ్చింది, బయటికి పోయి మండే ఎండలో చేతుల మీద నిలబడ్డాడు, గోడ మీద చూస్తే మామ ఒక్కడే నిటారుగా, ఊరంతా తలకిందులు! అరచేతులు బొబ్బలెక్కినాయి. అంతటితో ఊరుకున్నాడా, ఇంకా బాగా కనపడాలని మేకుతో బొక్క పెద్దది చేసినాడు. వెలుగు జాస్తిగా వచ్చింది గానీ బొమ్మ చెదిరిపోయింది. అప్పుడు అట్టముక్కకి సూదితో బెజ్జం పెట్టి అడ్డం పెడితే బొమ్మ భలే తేటగా వచ్చింది, కానీ మసకచీకటి. ఈ లోపల తాత లేచి తలుపు చూసుకున్నాడు, ఆ తర్వాత జరిగింది మామనే అడుగు, ఇప్పటికీ వీపు తడుముకుంటాడు. నువ్వు మొదట్లో అపెర్చరు అంటే లెన్సులో వెలుగొచ్చే బొక్క, పిన్‌హోల్ అంటే సూది బెజ్జం అని నాకు చెప్తావుంటే ఇది మా తలుపు బొక్కే గదా అనుకున్నా.

నేనేం లెక్చరు ఇయ్యటంలా. మీ నాయన ఒకసారి చదివి చెప్పినాడు, రఘురాయ్ అని పెద్ద ఫోటోగ్రాఫరు, ఆయన చదివింది సివిల్ ఇంజనీరింగ్. అన్న ఎస్.పాల్ ఫోటోగ్రాఫరు. రఘురాయ్ ఊరికే ఒక పల్లెకి పోయి గాడిదపిల్ల ఫోటో తీద్దామని దాని వెంట పడితే అది పరిగెత్తటం, ఈయన పరిగెత్తటం, పిలకాయలంతా నవ్వటం, చివరికి అది అలిసిపోయి నిలబడ్డాక తీసినాడంట. ఆ ఫోటోని అన్న పంపిస్తే లండన్ టైమ్స్‌లో పడింది. గాడిద వెనకాల పరిగెత్తినందుకు ఆయనకి ఎవరు మార్కులేసినారు చెప్పు? మీ సారు నలుగుర్లో నీ ఫోటోల గురించి ఏదో అన్నాడని సీనుగాడే చెప్పినాడు. అననీ. ఆయనకి చూపించేవి ఆయనకి చూపించు, రోజూ ఒక అరగంట మాత్రం ఎవరికీ చూపించని ఫోటోలు తీసుకో, హాస్టలు మెట్ల మీద చెప్పుల గుట్టో, గ్లాసులో నీళ్ళల్లోంచి మీ రూమోడి మొహమో. లైకులు చూసుకుంటా తీస్తే చెయ్యి బిగుసుకుపోతది. మధ్యాన్నం ఎండలో టోపీ పెట్టుకో.

వచ్చే నెల రొట్టెల పండగ. పోయినేడు స్వర్ణాల చెరువులో దిగి నీకోసం విద్య రొట్టె పట్టినా, గుర్తుండాదా, నువ్వు గట్టు మీద బోర్లా పడుకోని నీళ్ళల్లో జనం కాళ్ళే తీస్తావుంటే పోలీసాయన కసిరినాడు. కోరిక తీరితే ఈసారి నేను రొట్టె వదలాల. వదలాల్నో, మళ్ళీ పట్టాల్నో నువ్వు నోరు తెరిచి చెప్తే గదా తెలిసేది.

చెప్పుల డబ్బాల్లో వచ్చే తెల్ల పొట్లాలు దాచిపెట్టి పంపిస్తుండా, కెమెరా సంచిలో వేసుకో, తేమకి లెన్సు బూజు పడతదంట. కెమెరా ఉంటేనే అనుకో. అమ్మేసుంటే ఎంతకి అమ్మినావో అదన్నా చెప్పు, మీ నాయనకి నేను సర్ది చెప్పుకుంటా.

సీనుగాడు ఆదివారం బస్సెక్కుతాడు. మామిడికాయ వేసి కొరమీను పులుసు పెట్టి పంపిస్తా, రెండో రోజుకే రుచి, వేడి చెయ్యబాక. మలైకాజాలు రూములో అందరికీ పెట్టు. స్టీలు క్యారేజి నా పుట్టింటిది, పోయినసారి మూత లేకుండా వచ్చింది, ఈసారి మూతతో సహా పంపు.

అమ్మ