పాత కారు సస్పెన్షన్: ఆ స్ప్రింగుతో జాగ్రత్త

సంపాదకులు గారికి,

పాత కారు సస్పెన్షన్‌ను ఇంట్లోనే మార్చుకునేవాళ్లంటే నాకు గౌరవం. నా కారుకూ నేనే మార్చుకున్నాను. కానీ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) విప్పడంలో కొందరి తెగింపు చూస్తే భయమేస్తోంది. అందులోని స్ప్రింగు బలంగా నొక్కుకుని ఉంటుంది. స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ బిగించకుండా పై నట్టు విప్పితే ప్రాణమే పోవచ్చు! జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే.

సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాల మీద బరువు పడ్డాకే పూర్తిగా బిగించాలి. కారు గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. అనుభవమున్నవాళ్లు కూడా దీన్ని వదిలేస్తుంటారు. షాక్ అబ్జార్బర్లు జతగా మార్చాలి, ఆపై చక్రాల అలైన్‌మెంట్ సరిచేయించడం తప్పదు. కారు ఎత్తు తగ్గాలని స్ప్రింగు కోయడం అప్‌గ్రేడ్ కానే కాదు.

దయచేసి మీ వాహనాల పేజీలో ఇవన్నీ బొమ్మలతో వేయండి.

– ఒక పాఠకుడు