ఓట్లు రాకపోతే చేసిన సేవ పోతుందా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో అమెరికా వాసి అలన్ ఖేజీ గురించి వచ్చిన వ్యాసం చదివి, ఐదు రోజులైనా మనసొప్పక ఇది రాస్తున్నాను. ఆయన ఎన్నికల్లో ఓడిపోయారన్న మాటకే సగం వ్యాసం సరిపోయింది. నిజమే, 2009లో సెనేట్ సీటుకు పార్టీ అభ్యర్థిత్వం కోసం నిలబడితే నలుగురిలో మూడో స్థానం వచ్చింది. 2020లో దిగువ సభకు ప్రయత్నించినా గెలవలేదు.

కానీ 1988లో స్నేహితుడు మైకేల్ బ్రౌన్‌తో కలిసి బోస్టన్‌లో యాభై మంది యువతీయువకులతో సిటీ ఇయర్ అనే సేవా సంస్థ మొదలుపెట్టిందీ ఆయనే కదా! ఎర్ర జాకెట్లు వేసుకుని ఏడాది పాటు ఊరికి పనిచేసే ఆ పద్ధతి స్ఫూర్తితోనే క్లింటన్ ప్రభుత్వం 1993లో అమెరికార్ప్స్ అనే జాతీయ సేవా కార్యక్రమం తెచ్చింది. 2003లో దాని నిధులకు కోత పడితే, ఖేజీ వాళ్లు వాషింగ్టన్‌లో వంద గంటలు ఆగకుండా జనం చేత దాని తరఫున సాక్ష్యం చెప్పించారు. మన లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్ గారినీ ఇలాగే ఓట్ల తక్కెడలో తూచి పక్కన పెట్టాం.

మనకు మాత్రం ఏం తక్కువ? 1969లోనే కాలేజీ పిల్లల కోసం ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) పెట్టుకున్నాం. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు. మా మనవడి కాలేజీలో ఒక్క మొక్కను పదిమంది పట్టుకుని ఫొటో దిగారట. రిజిస్టర్‌లో గంటలన్నీ చివరి రోజు ఒకే పెన్నుతో నింపేశారు. అడిగితే, ‘సర్టిఫికెట్ వస్తుంది కదండీ’ అన్నారు. పైవాళ్లు ఒక్కసారైనా వచ్చి చూస్తే ఇలా జరుగుతుందా? ఏ ఆఫీసులో చూసినా ఇంతే, కాగితం నిండితే పని అయిపోయినట్టే.

మన పిల్లలకు మనసు లేదంటే మాత్రం ఒప్పుకోను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఛాతీ లోతు నీళ్లలో లారీ ట్యూబు తోసుకుంటూ ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. పై అంతస్తు నుంచి నేను తాడు కట్టిన బకెట్ దించితే నాలుగు పాల ప్యాకెట్లు, రెండు మంచినీళ్ల సీసాలు వేసి, ‘బామ్మగారూ, పక్కింట్లో ఎవరైనా ఉన్నారా?’ అని అడిగి ముందుకు పోయారు. ఆ గంటలు ఏ రిజిస్టర్‌లోనూ లేవు.

ప్రతి కాలేజీ తన ఎన్‌ఎస్‌ఎస్ రిజిస్టర్‌ను, ఎక్కడ ఏ పని జరిగిందో రాసి, ఏడాదికోసారి గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలి. క్యాంపు జరిగిన ఊరివాళ్ల సంతకం లేనిదే సర్టిఫికెట్ ఇవ్వకూడదు. మీ విలేకరులు ఒక్క కాలేజీకైనా వెళ్లి ఆ పుస్తకం అడిగి చూడండి.

— విశ్రాంత ఉపాధ్యాయురాలు, సింగ్‌నగర్, విజయవాడ