ఏడు రోజులు తక్కువట!

సంపాదకులకు నమస్కారం.

నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. రోజుకూలి 480 రూపాయలు. మొన్న ఫిబ్రవరిలో పచ్చకామెర్లు వచ్చి 23 రోజులు పనికి పోలేకపోయాను. ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) డిస్పెన్సరీలో రక్తపరీక్షలు చేశారు, మందులిచ్చారు, సెలవు సర్టిఫికెట్లు రాశారు. వాళ్లను ఒక్క మాట అనడానికి లేదు. గొడవంతా డబ్బుల దగ్గర.

జబ్బుపడి పనికి రాలేని రోజులకు ఈఎస్‌ఐ సగటు కూలిలో 70 శాతం ఇస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. మొదటి రెండు రోజులకు రాదు. ఆ లెక్కన నాకు రోజుకు 336 చొప్పున 21 రోజులకు 7,056 రూపాయలు రావాలి. మా అమ్మాయి నోటుపుస్తకంలో వేసి చూపించింది. ఆ నెల ఇంటి అద్దెకు దాన్నే నమ్ముకున్నాం.

ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో గుమాస్తా కంప్యూటర్ చూసి, "ఏడు రోజులు తక్కువున్నాయమ్మా" అన్నాడు. జనవరి, జూన్ మధ్య జబ్బు చేస్తే, అంతకుముందు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కనీసం 78 రోజులకు ఈఎస్‌ఐ చందా కట్టి ఉండాలట. నా పేరున 71 కనిపిస్తున్నాయి. ఆ ఆరు నెలల్లో నేను నాగా పెట్టిందెక్కడ? ఆడపడుచు కూతురి పెళ్లికి కూడా ఆదివారం ఒక్క పూట పోయి వచ్చేశాను.

ఇంటికొచ్చి జీతం చీటీలు తిరగేస్తే సంగతి తేలింది. జూన్ ఆఖరున కాంట్రాక్టరు మారాడు. ఆ 71 పాతాయన కట్టినవే. కొత్తాయన జూలై, ఆగస్టు, సెప్టెంబరు మూడు నెలలూ నా జీతంలో ఈఎస్‌ఐ పేరుతో 0.75 శాతం కోసుకున్నాడు కానీ కట్టలేదు. అడిగితే, "పేర్లు ఎక్కించడం లేటయింది, ఈసారికి సర్దుకో" అన్నాడు. డాక్టరు ఇంకో వారం సెలవు రాస్తానన్నారు. డబ్బు రాదని తేలాక వద్దని చెప్పి డ్యూటీకి పోయాను. అప్పటికింకా నా కళ్లు పచ్చగానే ఉన్నాయి.

కోసుకున్న చందా కట్టకపోవడం నేరం. కాంట్రాక్టు కార్మికుల చందాకు ముందుగా పూచీ అసలు యజమానిది, అంటే కంపెనీది. యజమాని కట్టనందువల్ల కార్మికుడికి డబ్బు ఆగిపోతే, ఈఎస్‌ఐ కార్పొరేషనే ఇవ్వవచ్చని, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవచ్చని 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం 68వ సెక్షన్లోనే రాశారు. యూనియన్ ఆయన చదివి వినిపించాడు. "ఇవ్వవచ్చు" అని ఉంది, "ఇవ్వాలి" అని లేదు. మాలాంటి వాళ్ల డబ్బు ఆ మాట దగ్గరే ఆగిపోతోంది.

ఎన్ని రోజులకు చందా పడిందో ఫోన్లో చూసుకోవచ్చని గుమాస్తా చెప్పాడు. మా లైనులో పదిహేను మందిమి, ఆ సంగతి ఒక్కరికీ తెలియదు. చీటీలో కోసిన రూపాయలుంటాయి, కట్టిన రోజులుండవు. వాటినీ అందులోనే అచ్చు వేయించాలి. నెలనెలా ఆ జాబితా గేటు దగ్గర, హాజరు పట్టీ పక్కన అంటించాలి. ఆగస్టులోనే తెలిసుంటే అప్పుడే నిలదీసేదాన్ని.

ఆ మూడు నెలల చీటీలూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఏ అధికారి అడిగినా తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక ప్యాకింగ్ కార్మికురాలు,
జీడిమెట్ల