డెలిగేట్ ఓటు ఎవరి చేతిలో ఉంటుంది?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా అధ్యక్ష అభ్యర్థిని ప్రతి పార్టీ తన మహాసభలో డెలిగేట్ల (రాష్ట్రాల ప్రతినిధుల) ఓటుతో ఎంచుకుంటుంది. ఆ వార్తల్లో ‘సూపర్ డెలిగేట్లు (పదవి రీత్యా నేరుగా డెలిగేట్లయ్యే పార్టీ పెద్దలు) చక్రం తిప్పుతారు’ అనే మాట ఇంకా కనబడుతోంది. డెమోక్రటిక్ పార్టీ 2018లోనే ఆ దారి మూసేసింది. గట్టి పోటీ ఉంటే మహాసభ తొలి విడత ఓటింగ్‌లో వాళ్లు ఓటు వేయకూడదు. ప్రైమరీల్లో (రాష్ట్రాల్లో జరిగే పార్టీ అంతర్గత ఎన్నికల్లో) ఎన్నికైన డెలిగేట్లతో ఎవరికీ మెజారిటీ రాక రెండో విడత జరిగితేనే వాళ్ల వంతు.

‘ఫలానా రాష్ట్రం గెలిచారు’ అన్నదీ సగం సమాచారమే. డెమోక్రాట్లు డెలిగేట్లను దామాషాలో పంచుతారు గానీ, కనీసం 15 శాతం ఓట్లు రావాలి. 14 శాతం వచ్చినవారికి మిగిలేది సున్నా. రిపబ్లికన్ పార్టీలో మార్చి 15 నుంచి జరిగే ప్రైమరీల్లో, రాష్ట్రశాఖ కోరుకుంటే, మొదటి స్థానంలో నిలిచినవారికే మొత్తం డెలిగేట్లను కట్టబెట్టవచ్చు. అక్కడ కొద్ది తేడాతో గెలిచినా పంట పండినట్టే.

మహాసభలో అసలు కుస్తీ తరచూ పేర్ల మీద కాదు, నిబంధనల మీద జరుగుతుంది. 1976లో రిపబ్లికన్ మహాసభలో రీగన్ వర్గం, ఉపాధ్యక్ష అభ్యర్థిని ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షుడు ఫోర్డ్ ముందే ప్రకటించాలంటూ నిబంధన తేబోయి ఓడింది. మర్నాటి ఓటింగ్‌లో ఫోర్డ్‌కు 1,187, రీగన్‌కు 1,070. 1980లో డెమోక్రటిక్ మహాసభలో, ఫలానా అభ్యర్థికే ఓటేస్తామని ఇచ్చిన మాట నుంచి డెలిగేట్లను విడిపించాలన్న ఎడ్వర్డ్ కెనెడీ వర్గం వాదన వీగిపోగానే కెనెడీ అదే రాత్రి పోటీ నుంచి తప్పుకున్నారు.

ఆ తర్వాతే రాష్ట్రాలవారీగా పేర్లు పిలిచి ఓట్లు చెప్పించే రోల్ కాల్. ఓట్లు సగం మించితే చాలు, అభ్యర్థిత్వం దక్కుతుంది. 1924లో డెమోక్రాట్లకు మూడింట రెండు వంతులు కావాల్సి వచ్చి, 103 విడతలకు గానీ అభ్యర్థిగా జాన్ డేవిస్ పేరు తేలలేదు! ఆ నిబంధనను 1936లో ఎత్తేశారు. 1952 తర్వాత అధ్యక్ష అభ్యర్థి ఎంపికలో ఈ రెండు పార్టీల్లో దేనికీ రెండో విడత అవసరమే పడలేదు.

ఇక 2024. ‘బైడెన్ ఓట్లు హారిస్‌కు బదిలీ అయ్యాయి’ అని రాయడం పొరపాటు. డెలిగేట్లు మాట ఇచ్చింది అధ్యక్ష అభ్యర్థి బైడెన్‌కు, ఆయన జోడీగా ఉపాధ్యక్ష పదవికి నిలిచిన హారిస్‌కు కాదు. జులై 21న ఆయన తప్పుకోగానే ఆ కట్టు తెగిపోయింది. కొత్తగా బరిలోకి దిగేవారు 300 మంది డెలిగేట్ల సంతకాలు తేవాలి, ఒక్క రాష్ట్రం నుంచి 50కి మించకూడదు. అన్ని సంతకాలు తెచ్చింది హారిస్ ఒక్కరే. ఓటింగ్ ఆగస్టు 1 నుంచి 5 వరకు ఆన్‌లైన్‌లోనే ముగిసింది. ఆ తర్వాత చికాగోలో జరిగిన మహాసభలో రోల్ కాల్ పేరుతో జరిగింది ఉత్సవం మాత్రమే.

వచ్చేసారి పట్టికలు వేసేటప్పుడు గెలిచిన రాష్ట్రాల పక్కన డెలిగేట్ల లెక్క, మెజారిటీ అంకె కూడా వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు