తాళం వేసిన గోదాముల లెక్క

సంపాదకులకు,

గతవారం మీ జిల్లా పేజీలో గోదాములపై వచ్చిన వార్త చదివాను. ధాన్యం నిల్వ చేసుకోవడం తెలియకనే మన రైతు కళ్లంలోనే అయినకాడికి అమ్ముకుంటున్నాడని ఒక అధికారి సెలవిస్తే, మీ విలేకరి ఒక్క ఎదురు ప్రశ్నయినా వేయకుండా అచ్చువేయడం విచారకరం.

మా కృష్ణా డెల్టాలో కాస్త పొలమున్న ప్రతి ఇంటి వాకిట్లోనూ గాదె ఉండేది. అది లేనివారు ఎండుగడ్డితో లావుపాటి వెంటి (గడ్డితాడు) పేని, చుట్ల మీద చుట్లు వేస్తూ, నడుమ ధాన్యం పోసుకుంటూ పురి కట్టేవారు. తెలంగాణలో వెదురు దబ్బలతో అల్లి, పేడమట్టి మెత్తిన గుమ్ములు ఉండేవి. నేలలో చెమ్మ చేరని రాయలసీమ మెట్టల్లో జొన్నలను భూమిలో తవ్విన పాతరలో పోసి, చొప్ప పరిచి, మట్టి కప్పేవారు. లోపల ప్రాణవాయువు తగ్గి పురుగు చచ్చేది. మనిషికీ అదే ముప్పు కనుక, పాతర తెరిచి కొంతసేపు గాలి ఆడనిచ్చి, దీపం దించి చూసి, అది ఆరకపోతేనే దిగేవారు. ఇంత ఎరిగినవారిని ఏమీ తెలియనివారనడానికి చాలా ధైర్యమైనా ఉండాలి, కింద కుర్చీ అయినా ఉండాలి.

గాదెలను మళ్లీ కట్టమని నేను కోరడం లేదు. ఎలుకల వాటా అప్పుడూ తక్కువేమీ కాదు. పైగా యంత్రంతో కోసిన పచ్చి ధాన్యం గాదెలో పోస్తే ముక్కిపోతుంది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. నెలల తరబడి నిలవాలంటే ఇంకా ఎండాలి. ఆరబోయడానికి కళ్లాలు లేక రోడ్డెక్కితే రాకపోకలకు అడ్డమని కేకలు, తుపాను కబురు వస్తే టార్పాలిన్ల కోసం పరుగులు. ఆరబెట్టే జాగాయే చూపనివారు నిల్వ గురించి పాఠాలు చెప్పడం ఏమి న్యాయం?

పథకాలకు మాత్రం లోటు లేదు. 2001లో గ్రామీణ గోదాముల పథకం, 2020లో లక్ష కోట్ల రూపాయల వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి, 2023లో సహకార రంగంలో 700 లక్షల టన్నుల నిల్వకు మరో పథకం వచ్చాయి. ఇన్ని వచ్చినా మా పక్క ఊరి గోదాముకు శిలాఫలకం ఎంత పెద్దదో తాళమూ అంతే పెద్దది. ఎప్పుడైనా తలుపు తీస్తే లోపల కనిపించేవి ఎరువుల బస్తాలు, విరిగిన బల్లలు. బస్తా దాచుకుంటామని అడిగితే పట్టాదారు పాసుపుస్తకం తెమ్మంటారు. పొలం దున్నేది కౌలుదారు, పుస్తకం ఉండేది పట్నంలో ఉన్న ఆసామి దగ్గర. ఇదంతా తెలియని అధికారులు ఉండరు. అడిగేవారు లేకనే ఇలా సాగుతోంది.

కట్టిన గోదాములు ఎన్ని, వాటి సామర్థ్యం ఎన్ని టన్నులు అనే లెక్కను మీరు ఏటా వేస్తూనే ఉన్నారు. ఈసారి దాని పక్కనే, వాటిలో రైతులు తమ పేరున దాచుకున్న ధాన్యం ఎంతో కూడా అధికారులను అడిగి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక రైతు, దివిసీమ, కృష్ణా జిల్లా