హనుమకొండ దాటాక ఛార్జర్ల సంగతి: విద్యుత్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యుత్ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు.

ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయిస్తూ 2024 నవంబరులో ప్రభుత్వం జీవో 41 ఇచ్చిన తర్వాత మా హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఆకుపచ్చ నంబరు ప్లేటు కార్లు బాగానే కనబడుతున్నాయి. నాదీ వాటిలో ఒకటి. ఆ మినహాయింపు గడువు 2026 డిసెంబరు 31. దాన్ని పొడిగించమని అడిగేవారు వేరే ఉంటారు. నేను అడుగుతున్నది రోడ్డు పక్కన పెట్టిన ఛార్జర్లు పనిచేస్తున్నాయో లేదో చూసే బాధ్యత ఎవరిదో తేల్చమని మాత్రమే.

ఊళ్లో తిరిగేవారికి పెద్ద ఇబ్బంది లేదు. ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలిస్తే గంటకు మూడు యూనిట్ల చొప్పున ఎక్కి, 30 యూనిట్ల బ్యాటరీ తెల్లవారేసరికి నిండుతుంది. చిక్కల్లా పాత ఇళ్ల వైరింగుతోనే. ఎర్తింగ్ సరిగా లేకపోతే కారుతో ఇచ్చిన ఛార్జర్ ఎర్ర లైటు చూపించి మొరాయిస్తుంది. మా ఇంట్లో అలాగే మొరాయిస్తే ఎలక్ట్రీషియన్ పెరట్లో గుంత తవ్వించి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి కొత్త ఎర్తింగ్ పెట్టాడు. ఎండాకాలం ఆ గుంతలో బిందెడు నీళ్లు పోస్తూ ఉండమన్నాడు. ఇన్ని లక్షలు పోసి కొన్న కారుకు ఉప్పూ బొగ్గూ దాణా ఏమిటని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. కారు ఛార్జింగుకు వేరే కనెక్షన్ తీసుకునే వీలును 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నియమాలు కల్పించాయి; ఆ సంగతి కరెంటు బిల్లు వెనుక రెండు ముక్కలు అచ్చు వేయిస్తే అపార్టుమెంట్లలో సగం పంచాయితీలు తీరిపోతాయి.

అసలు సమస్య 163వ నంబరు జాతీయ రహదారి మీద, అదీ ములుగు వైపు. హైదరాబాదు దిక్కు పోతే జనగామలోనో భువనగిరిలోనో ఒకటి పనిచేయకపోయినా ఇంకొకటి దొరుకుతుంది. ఇటు అలా కాదు. కంపెనీ కాగితం మీద రాసే దూరం ఎంతైనా కావచ్చు. మే నెల ఎండలో ఏసీ వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని పోతే 30 యూనిట్ల బ్యాటరీ రెండు వందల కిలోమీటర్లు లాగితే సంతోషించాలి. హనుమకొండ నుంచి మేడారం పోయి రావడానికి ఇంచుమించు అంత దూరమే అవుతుంది. కాబట్టి దారిలో ఒక్క ఛార్జర్‌ను నమ్ముకోక తప్పదు, ఆ ఒక్కటీ చెడిపోతే పోయినవాళ్లు అక్కడే ఉండిపోవాలి.

పోయిన వేసవిలో ఇంటిల్లిపాదీ రామప్ప, లక్నవరం చూసి వస్తూ దారిలో ఒక ఛార్జర్ దగ్గర ఆగాం. ఫోన్లో ఖాళీగా ఉందని చూపిస్తోంది, తెర కూడా వెలుగుతోంది, ఛార్జింగ్ గన్ను కారుకు తగిలిస్తే మాత్రం సర్వర్ దొరకడం లేదని ఆగిపోతుంది. అక్కడి వాచ్‌మన్ నింపాదిగా, "చానా దినాలాయె సార్, ఫోన్ చేస్తే కంప్లైంట్ రాసుకున్నమంటరు గంతే" అన్నాడు. ఆ ఛార్జర్ వాడాలంటే ముందే యాప్‌లో వేసుకోవలసిన డబ్బు ఇప్పటికీ అందులోనే ఉంది. ఈ యంత్రాలు లోపల ఉన్న సిమ్ కార్డు ద్వారా కంపెనీ సర్వర్‌తో మాట్లాడితే గాని కరెంటు వదలవు. తాడ్వాయి అడవిలో మనిషి ఫోనుకే సిగ్నల్ అందని చోట్లు ఉన్నాయి, అటువంటి దారిలో సిగ్నల్ లేకపోయినా మన దగ్గరి ఛార్జింగ్ కార్డు తాకించి మొదలుపెట్టే ఏర్పాటు లేని యంత్రానికి అనుమతి ఇవ్వడమే పొరపాటు.

పరిష్కారానికి కొత్త నిధులు అక్కరలేదు. ఛార్జింగ్ కేంద్రాలకు రాష్ట్రంలో ప్రత్యేక టారిఫ్ (కరెంటు ధర) కేటగిరీ ఉంది, ప్రతి కేంద్రానికీ మీ శాఖ పెట్టిన మీటరు ఉంది. వారం పాటు ఆ మీటరు కదలకపోతే ఛార్జర్ చెడిపోయి ఉండవచ్చని ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయమైన నక్కలగుట్ట విద్యుత్ భవన్‌లో కూర్చున్న అధికారికి ఎవరూ చెప్పనక్కరలేదు. వాడకం లేకనే మీటరు తిరగలేదని నిర్వాహకులు అనవచ్చు. అదైనా లైన్‌మన్ పోయి ఒకసారి చూస్తే తేలిపోతుంది. అలా కదలని మీటర్ల జాబితాను ఆ సంస్థ నెలనెలా వెబ్‌సైటులో పెట్టాలి. నోటీసు ఇచ్చినా బాగుచేయని కేంద్రానికి రాయితీ టారిఫ్ ఆపాలి. యాప్ లేకుండా యూపీఐతో నేరుగా డబ్బు కట్టే వీలు తప్పనిసరి చేయాలి. మిర్చిబజ్జీల బండి దగ్గర సాధ్యమైనది లక్షల విలువ చేసే యంత్రం దగ్గర ఎందుకు కాదో నాకు అర్థం కాదు.

రహదారికి రెండు వైపులా ప్రతి 20 కిలోమీటర్లకు ఒక కేంద్రం ఉండాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి గాని, మా దారికి లెక్క ప్రకారం పంచడం కంటే జనం ఎక్కడ ఆగుతారో చూసి పెట్టడం మేలు. మేడారం పోయేవారు ములుగు దగ్గర గట్టమ్మకు మొక్కకుండా ముందుకు పోరు, కానీ అక్కడ నిలిచేది కాసేపే. రామప్పలో, లక్నవరంలో, తాడ్వాయిలో పర్యాటక శాఖ హరిత హోటళ్లు ఉన్నాయి. గుడి చూసి, భోజనం చేసి వచ్చేలోగా 30 కిలోవాట్ల ఛార్జర్ సరిపోయేంత ఎక్కిస్తుంది. రెండేళ్లకోసారి జాతరకు అడవిలో లైన్లు లాగి, ట్రాన్స్‌ఫార్మర్లు దించే మీ సిబ్బందికి ఇది పెద్ద పని కాదు. పక్క జిల్లాలోనే, చెల్పూరులో, 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం నడుస్తోంది కాబట్టి కరెంటు దూరమన్న మాటా చెల్లదు.

ములుగు దారిలోని కేంద్రాల గత మూడు నెలల మీటరు రీడింగులను ముందుగా తెప్పించి చూడవలసిందిగా, వాటిలో ఎన్ని కదలలేదో ప్రజలకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యుత్ వినియోగదారుడు,
హనుమకొండ